ఐదున్నర శ్రుతి, 146.7 సెంట్లు

"నాయనా, ఇది ఐదున్నర కాదే" అన్నారు టీచర్ గారు, హెడ్‌ఫోన్స్‌ని ఒక చెవి మీద నుంచి పక్కకి జరిపి.

నాకు కొంచెం చిరాకేసింది. గంటల లెక్కన అద్దెకి తీసుకున్న స్టూడియో అది. వీణ, వయొలిన్, తంబురా, వెనక మెత్తగా ఒక కీబోర్డు, అన్నీ విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద గదిలోనే రికార్డు చేసుకున్నాను. ఆవిడ గొంతుకి మాత్రం మంచి మైకు, మంచి గది కావాలని లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళాను. అన్నీ ఐదున్నర శ్రుతిలోనే ఉన్నాయి, అంటే పాటకి ఆధారమైన షడ్జం (స) అక్కడే ఉంది. కీబోర్డు భాషలో జీ షార్ప్. సెషన్‌లో, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఈ పాట ఫైల్లో, శ్రుతి చూపించే ట్యూనర్ ప్లగిన్ తెరిచి తంబురా ట్రాక్ మీద పెట్టాను. జీ షార్ప్ దగ్గర పచ్చ లైటు వెలిగింది, అటూ ఇటూ కదలకుండా.

"చూడండి టీచర్ గారూ, సరిగ్గానే ఉంది."

ఆవిడ సంచిలోంచి ఫోన్ తీసి, అందులోని తంబురా యాప్‌ని ఒక చెవితోనూ, నా ట్రాక్‌ని ఇంకో చెవితోనూ కాసేపు విన్నారు. "ఆరు దాటింది, ఆరున్నరకి చేరలేదు. కాలం కూడా ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టుంది" అన్నారు. నేను మళ్ళీ పచ్చ లైటే చూపించాను. ఇంక ఆవిడేమీ అనలేదు. ఫోన్ ఆపి సంచిలో పెట్టేసి పాడారు. చరణంలో తారస్థాయి పంచమం అందుకోడానికి మెడ నరాలు బిగుసుకోవడం అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. వయసు వల్ల అనుకున్నాను. ఆ అనుకోవడమే ఇప్పటికీ గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

రాత్రి ఇంటికొచ్చి ప్లే కొడితే, అది టీచర్ గారి గొంతు కాదు. జలుబు మందు వేసుకుని నిద్రమత్తులో పాడుతున్న ఎవరో పెద్దావిడ.

జరిగిందేమిటంటే, నా సెషన్ 44,100 శాంపిల్ రేట్‌లో ఉంది. శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలిచి అంకెలుగా రాస్తారో అదే శాంపిల్ రేట్. ఆ స్టూడియోలో శబ్దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్ 48,000 మీద నడుస్తోంది. ఆప్టికల్ కేబుల్‌తో రెండూ కలిపినప్పుడు నా ఇంటర్‌ఫేస్‌ని (లాప్‌టాప్‌కి శబ్దం చేర్చే పెట్టె) వాళ్ళ క్లాక్‌కి, అంటే శాంపిళ్ళ వేగం నిర్ణయించే గడియారానికి, కట్టేశాను. సాఫ్ట్‌వేర్ మాత్రం తనింకా సెకనుకి 44,100 శాంపిళ్ళే పంపుతున్నానన్న నమ్మకంలో ఉంది. నిజానికి సెకనుకి 48,000 బయటికి పోతున్నాయి. ఇంట్లో అదే రికార్డింగ్ 44,100 మీద మెల్లగా నడిచింది. తప్పు ఆ స్టూడియోది కాదు, కేబుల్ పెట్టి సెట్టింగు చూసుకోని నాది.

48,000ని 44,100తో భాగిస్తే 1.0884. పాట దాదాపు 9 శాతం వేగంగా నడిచింది, శ్రుతి 146.7 సెంట్లు పైకి పోయింది. సెంటు అంటే స్థలాల సెంటు కాదు గానీ లెక్క అలాంటిదే. ఎకరానికి నూరు సెంట్లయినట్టు, హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య నూరు సెంట్లు. అంటే ఐదున్నర మీద ఒక మెట్టు దాటి, రెండో మెట్టుకి సగం దారిలో ఆగింది. ఆరు దాటింది, ఆరున్నరకి చేరలేదు. ఆవిడ చెవి చెప్పినదాన్ని తర్వాత నేను కాలిక్యులేటర్‌లో కొట్టి చూసుకున్నానంతే. 84 బీపీఎం (నిమిషానికి 84 బీట్లు) అని నేననుకున్న కాలం ఆ గదిలో 91.4గా నడిచింది. సెషన్‌లో 4 నిమిషాల 21 సెకన్లు చూపించే పాటని ఆవిడ సరిగ్గా 4 నిమిషాల్లో పాడేశారు. గోడ గడియారం వైపు ఒక్కసారి చూసినా తెలిసిపోయేది.

మరి ట్యూనర్ ఎందుకు పట్టుకోలేదు? అక్కడే నా మొత్తం వాదన ఉంది. ట్యూనర్‌కి చెవి లేదు. వరసగా వచ్చే శాంపిళ్ళలో అల ఎన్నింటికి ఒకసారి తిరిగొస్తోందో లెక్కపెట్టి, ఆ అంకెతో శాంపిల్ రేట్‌ని భాగిస్తుంది. ఆ శాంపిల్ రేట్ ఎంతో దానికి చెప్పేది సెషనే. సెషనే పొరబడితే ట్యూనర్ చేసే భాగహారం తప్పు పోదు గానీ జవాబు అబద్ధమవుతుంది. ముద్దాయి చెప్పిన దాన్నే సాక్ష్యంగా రాసుకున్న పోలీసు లాంటిది ఆ పచ్చ లైటు. టీచర్ గారి ఫోన్‌కి మాత్రం నా సెషన్‌తో సంబంధం లేదు. దాని గడియారం వేరు. ఆ గదిలో నిజమైన సాక్షి అదొక్కటే. దాన్ని నేనే ఆపించాను.

ఇదంతా చదివి "అందుకే ఈ కాలిక్యులేటర్లు, ప్లగిన్లు నమ్మకూడదు, చెవి ఉంటే చాలు" అనేవాళ్ళుంటారు. వాళ్ళతో నాకు కుదరదు. నా ఫోన్‌లో సంగీతం లెక్కల కోసం నాలుగు యాప్‌లున్నాయి, లాప్‌టాప్‌లో నేనే కట్టుకున్న ఎక్సెల్ షీటు ఉంది, రోజుకి పదిసార్లు తెరుస్తాను. తెరవకపోతే నష్టపోయేది నేనే.

సభ రికార్డింగ్‌కి 12 మైకులు, 3 గంటలు అనుకుందాం. 48,000 శాంపిల్ రేట్, 24 బిట్‌లో ఒక్కో మైకుకి నిమిషానికి 8.64 ఎంబీ. మొత్తం 18.7 జీబీ దాకా వస్తుంది. 16 జీబీ కార్డుతో వెళ్తే మంగళం వినపడదు. ఎవరిదో షార్ట్ ఫిల్మ్‌కి సౌండ్ చేస్తుంటే పెదవులకీ మాటకీ పొంతన కుదరక కొట్టుకుంటున్నాం. 20 నిమిషాల చివర తేడా 1.2 సెకన్లు అని తేలగానే అర్థమైంది, ఒకరు సెకనుకి 24 ఫ్రేముల మీద, ఇంకొకరు 23.976 మీద ఉన్నారు. గంటకి 3.6 సెకన్లు జారుతుంటే ముందు అనుమానించాల్సింది ఈ జబ్బునే. పాడేవాళ్ళు "నా గొంతు నాకే ఆలస్యంగా వినిపిస్తోంది" అంటే బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కోసారి పోగుచేసుకునే ముక్క) చూస్తాను. 1024 శాంపిళ్ళ బఫర్, 48,000 రేట్, లోపలికి 21.3 మిల్లీసెకన్లు, బయటికి ఇంకో 21.3. గాలిలో శబ్దం అంతసేపట్లో పద్నాలుగున్నర మీటర్లు పోతుంది. అంటే తన గొంతుని తనే వీధి చివర నుంచి విన్నట్టు. ఎవరు పాడగలరు? వీటిలో భావం, రసం అంటూ ఏమీ లేదు. వడ్డీ లెక్క కట్టినట్టు కట్టి పక్కన పెట్టాల్సినవి.

గది కొలతలిస్తే ఏ మంద్ర శబ్దం గదిలో గుంయ్‌మంటుందో చెప్పే కాలిక్యులేటర్లు కూడా ఉన్నాయి. మా గది పొడవు 10 అడుగులు, అది 56 హెర్ట్జ్ దగ్గర గుంయ్‌మంటుందంటాయి. వాటి లెక్కలో గాలి 20 డిగ్రీల దగ్గరుంటుంది. మే నెలలో బెజవాడ వచ్చి చూడమనండి. 40 డిగ్రీల్లో అదే గదికి 58 వస్తుంది. రెండు హెర్ట్జ్‌కి కొంపలేం మునగవు గానీ, ఆ 20 ఎక్కడిదో తెలియకుండా 56ని పట్టుకుని గోడలకి అంటించే ఫోమ్ కొనడానికి పరిగెత్తేవాళ్ళని చూశాను.

పైగా లెక్కలు సంగీతానికి పరాయివి అనే మాట మన దగ్గర అసలు చెల్లదు. మా మృదంగం మాస్టారు కాఫీ తాగుతూ ముక్తాయి, అంటే మూడుసార్లు వాయించి ముగించే జతి, కడతారు. ఆది తాళం, 8 అక్షరాలు, అక్షరానికి 4 మాత్రలు, మొత్తం 32. "తదిగిణతొం"కి 5 మాత్రలు. మూడుసార్లకి 15. మధ్యలో రెండు చోట్ల రెండేసి మాత్రల ఊపిరి, మొత్తం 19. ముప్ఫైరెండులో పంతొమ్మిది పోతే 13. పదమూడు వదిలి పద్నాలుగో మాత్రలో ఎత్తుకుంటే సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, వచ్చి పడుతుంది. పల్లవి ఎత్తుగడ అరక్షరం తర్వాతైతే ఇంకో రెండు జరుపుకోవాలి. ఇది నేను కాగితం మీద రాసుకునేలోపు ఆయన కాఫీ పూర్తవుతుంది.

విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులు, రెండు కాళ్ళు, తలతో ఒకేసారి ఐదు తాళాలు వేసి పంచముఖి చేసేవారని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకరోజు సరదాకి నా షీటులో వేసి చూశాను. తిశ్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం, అంటే 3, 4, 5, 7, 9 అక్షరాల వరసలు ఐదూ ఒకేచోట మొదలైతే మళ్ళీ ఐదూ ఒకేచోట కలిసేది 1260 అక్షరాల తర్వాత. 80 బీపీఎంలో అయితే పావుగంటకి ముప్పావు నిమిషం ఎక్కువ. కాలిక్యులేటర్‌కి ఆ 1260 చెప్పడానికి రెప్పపాటు చాలు. అందులో పదో వంతు సేపు ఐదింటినీ విడివిడిగా మోయాలంటే ఏం కావాలో మాత్రం అది చెప్పదు. లెక్క రావడం సంగీతానికి అడ్డమైతే దాసుగారు సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ అయ్యేవారు కాదు.

కాబట్టి నా గొడవ లెక్కతో కాదు. దానికి మనం అందించే అంకెతో. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని బయట నుంచి చూసిన సాక్షి ఎవరు?

డిలే సంగతి తీసుకోండి, గొంతుకి కావాలని కలిపే ప్రతిధ్వని అది. ఇంటర్నెట్‌లో డిలే కాలిక్యులేటర్లు కొల్లలు. లోపల ఉన్నదంతా ఒక్క భాగహారం. 60,000ని బీపీఎంతో భాగిస్తే ఒక బీటుకి ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 120కి 500. అందులో ముప్పాతిక 375, గిటార్ వాళ్ళకి ప్రాణం. బాగానే ఉంది. ఇప్పుడు మిశ్రచాపు పాట తీసుకుందాం. ఏడు అక్షరాలు, చేతి మీద 3, 2, 2గా దెబ్బలు. క్లిక్ (కాలం చెప్పే టిక్‌టిక్ శబ్దం) లేకుండా రికార్డు చేసిన పాట, బీపీఎం తెలియదు. వేలి దెబ్బల్ని బట్టి బీపీఎం చెప్పే ట్యాప్ టెంపో యాప్ తెరిచి కొట్టాను. తాళం వేసే అలవాటు కొద్దీ చేతి దెబ్బల మీదే కొట్టాను. అంకె 56కీ 84కీ మధ్య కాసేపు ఊగిసలాడి, 72 దగ్గర కుదురుకుంది. పక్కన కూర్చున్న కుర్రాడు ప్రతి అక్షరం మీదా కొట్టాడు, అతనికి 168 వచ్చింది. పాట సెషన్‌లో చివరికి నేను పెట్టింది 84, రెండక్షరాలకి ఒక బీటు చొప్పున.

మూడూ తప్పు లెక్కలు కావు. అక్షరం 357 మిల్లీసెకన్లు, ఆవర్తనం (తాళం ఒక చుట్టు) రెండున్నర సెకన్లు. రెండున్నర సెకన్లలో మూడు దెబ్బలు, సగటున నిమిషానికి 72. యాప్‌ని తయారుచేసినవాడికి దెబ్బలన్నీ సమానంగా పడతాయని నమ్మకం. మూడు అక్షరాల దెబ్బనీ, రెండక్షరాల దెబ్బనీ కలిపి సగటు తీసేసింది. ఇంట్లో వాళ్ళ సగటు చెప్పుల సైజు లాంటిది అది, ఎవరి కాలికీ పట్టదు. ఆ 72ని తీసుకెళ్ళి డిలే కాలిక్యులేటర్‌కి ఇస్తే 833 మిల్లీసెకన్లు అంది. అంటే 2.33 అక్షరాలు. గొంతు ప్రతిధ్వని ఏ అక్షరం మీదా పడకుండా గాల్లో తేలింది. వెబ్‌సైట్‌లో దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలు కూడా ఇచ్చారు పాపం.

ఇప్పుడు నేను చేసేది పాతకాలం పని. చేత్తో తాళం వేస్తూ పది ఆవర్తనాలకి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెడతాను. 25 సెకన్లు వస్తే ఆవర్తనం రెండున్నర. దాన్ని ఏడుతో భాగిస్తే అక్షరం. అక్కడినుంచి యాప్ చూసుకుంటుంది. ఆ పాటలో చివరికి డిలేని తాళానికి కట్టనేలేదు, 100 మిల్లీసెకన్లకి అటూఇటూగా పొట్టిగా వదిలేశాను. ఎందుకంటే పల్లవి దగ్గర 82లో ఉన్న పాట చరణానికి 86కి వచ్చేసింది. అక్కడే బీటుకి 34 మిల్లీసెకన్ల తేడా. ఏ ఒక్క అంకె పెట్టినా సగం పాటకి అబద్ధమే.

ఇంకో చోట సాక్షిని నేను కాస్త ఆలస్యంగా గుర్తించాను. టీచర్ గారి పాటే, మోహన రాగం. మళ్ళీ పాడించిన తర్వాత, ఒకటి రెండు చోట్ల నిలకడ కోసమని స్వరాల్ని సరిచేసే పిచ్ కరెక్షన్ ప్లగిన్ వేశాను. గాంధారం దగ్గర ఆవిడ ప్రతిసారీ 14 సెంట్లు తక్కువ పాడుతున్నట్టు గీత చూపించింది. ప్రతిసారీ! ఒక్కసారైతే పొరపాటు. పదకొండుసార్లు ఒకే చోట ఒకే తేడా వస్తే అది పొరపాటు కాదు, పద్ధతి. కీబోర్డులో అంతర గాంధారం షడ్జం నుంచి 400 సెంట్ల దూరం. షడ్జానికి ఐదు బై నాలుగు నిష్పత్తిలో వచ్చే గాంధారం 386.3. తంబురా మీటినప్పుడు ఎవరూ మీటకుండానే వినిపించే గాంధారం ఉందే, అది షడ్జం తీగ ఐదో స్వరాంశం (ఐదు రెట్ల వేగంతో కంపించే శబ్దం), ఆ 386 దగ్గరే ఉంటుంది. ఆవిడ తంబురాని విని పాడుతున్నారు. ప్లగిన్‌కి తంబురా వినిపించదు, దాని దగ్గర కీబోర్డు మెట్లు మాత్రమే ఉన్నాయి.

నేను సరిచేసి చూశాను, చెప్పొద్దూ. స్వరం మెట్టు మీదకి ఎక్కగానే తంబురాతో గొంతు ఒరుసుకోవడం మొదలైంది. లెక్క చూస్తే తంబురాలోంచి వచ్చేది 1038 హెర్ట్జ్, సరిచేసిన గొంతులోని నాలుగో స్వరాంశం 1046. రెండింటి మధ్య సెకనుకి ఎనిమిదిసార్లు అల కొట్టుకుంటోంది. తీసేశాను. చిత్రమేమిటంటే ఆ ఎనిమిదిని నాకు తేల్చి చెప్పింది మళ్ళీ కాలిక్యులేటరే. ఈసారి దానికి తంబురా అంకె ఇచ్చాను, అంతే తేడా. (440కి బదులు 432 పెడితే మనసుకి హాయి అని వాట్సాప్‌లో తిరిగే సందేశాలున్నాయి. రెండింటి మధ్య తేడా 31.8 సెంట్లు. మన పాటలో షడ్జం గాయకుల గొంతుని బట్టి కదులుతుంది. టీచర్ గారికి ఒంట్లో బాలేనిరోజు అర శ్రుతి దిగుతారు. అప్పుడు ఏ హాయి పోయినట్టు?)

అన్నిటికంటే నాకు భయం వేసేది ముచ్చటగా సున్నాతో ముగిసే అంకెలంటే. మొన్నామధ్య ఒక భక్తి పాటకి 30 సెకన్ల రీల్ కావాలన్నారు. షీటులో వేశాను. ఆది తాళం 80 బీపీఎంలో ఆవర్తనం 6 సెకన్లు, ఐదు ఆవర్తనాలకి సరిగ్గా 30. అబ్బ, ఎంత ముద్దుగా కుదిరిందో! 80 అని క్లిక్ పెట్టేశాను. పాడిన అమ్మాయి రెండు లైన్లు పాడి ఆగింది. "అన్నా, ఇది నడుస్తోందా, కూర్చుందా?" అంది. ఆమె మామూలుగా పాడే కాలం 88. అందులో ఐదు ఆవర్తనాలకి 27.3 సెకన్లు, ఆరింటికి 32.7. రెండూ కుదరవు. కుదరకపోతే ఏం? 88లోనే పాడించాను. మిగిలిన 2.7 సెకన్లూ తంబురాని వదిలేశాను. వినేవాళ్ళకి ఆ తంబురానే బాగుందట. రీల్ పొడవుకి సరిపోయే కాలాన్ని షీటు చెప్పింది గానీ, పాటకి సరిపోయే కాలం దాని గళ్ళలో ఎక్కడా లేదు.

టీచర్ గారిని రెండోసారి పాడమని అడగడానికి నాకు వారం పట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పాను, 146.7తో సహా. ఆవిడ ఆ అంకెని పట్టించుకోలేదు. "అయితే ఆరు దాటింది కదూ" అని మాత్రం అన్నారు.

మళ్ళీ అదే స్టూడియో. ఈసారి కేబుల్ పెట్టక ముందే రెండు మెషీన్ల మీదా 44,100 చూసుకున్నాను. ఆవిడ ఫోన్‌ని అడిగి తీసుకుని, ఐదున్నర దగ్గర పెట్టి, మైకు ముందు స్టాండ్ మీద నిలబెట్టాను. నా తంబురా, ఆవిడ తంబురా కలిసి ఒక్కటిగా మోగాయి. "ఆ పచ్చ లైటు ఏమంటోంది?" అని అడిగారు. జీ షార్ప్ అంటోందన్నాను. "ఇది కూడా అదే అంటోంది. పాడనా మరి?" అన్నారు.

టేకు నడుస్తున్నంతసేపూ నా కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి. సెకన్ల ముల్లు నాలుగు చుట్లు తిరిగింది, ఇంకో ఇరవై ఒకటి లెక్కపెట్టాను. పాట అయిపోయాక ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసి, అద్దం అవతల నుంచి నా వైపు చూశారు.

"ఇందాకట్నుంచీ టైమ్ చూస్తున్నావు. ఎక్కడికైనా వెళ్ళాలా నాయనా?"